వడ్డీ కట్టారు, మాత్ర మానేశారు

ఈ మధ్య మా ఆస్పత్రి ఓ.పి.కి ఒక గృహిణి వచ్చింది. వయస్సు 48. తలనొప్పి, మెడ పట్టేసినట్లుండటం, రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం, ఇవీ ఆవిడ చెప్పిన బాధలు. రక్తపోటు చూస్తే 180/110 వుంది. మూడేళ్ళ నుంచి బి.పి. మాత్రలు వాడుతున్న మనిషికి అంత ఎందుకుండాలి? "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగాను. "వేసుకుంటున్నానండీ" అంది. మళ్ళీ మళ్ళీ అడిగితే అసలు సంగతి బయటపడింది. రోజు విడిచి రోజు వేసుకుంటోంది. బయట డాక్టరు రాసిచ్చిన మాత్రలు మందుల షాపులో కొంటే నెలకు 340 రూపాయలవుతాయి. నెలకు తెచ్చినవి రెండు నెలలు సరిపెడితే 170 రూపాయలు మిగులుతాయి. ఆ మిగులు ఇంటి అప్పు వడ్డీలోకి పోతోంది.

కూతురి పెళ్ళికి ఇల్లు తనఖా పెట్టి 3 లక్షలు తెచ్చారట. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 6,000. భర్త బట్టల కొట్టులో గుమాస్తా, జీతం 18 వేలు. ప్రతి నెలా అయిదో తారీఖున వడ్డీ తప్పకుండా కడుతున్నారు. "ఒక్క నెల కూడా తప్పలేదండీ" అని ఆవిడ కాస్త గర్వంగానే చెప్పింది. కట్టడం మొదలుపెట్టి 50 నెలలయింది. లెక్క వేసి చూడండి. తెచ్చిన 3 లక్షలూ వడ్డీ కిందే ఇచ్చేశారు. అసలు మాత్రం మొదటి రోజు ఎంత వుందో ఇవాళా అంతే వుంది.

ఆరోగ్య శీర్షికలో ఈ వడ్డీ లెక్కలేమిటని మీరు అడగవచ్చు. నేను లెక్కల మాస్టారిని కాను. కాని పాతికేళ్ళకు పైగా ప్రభుత్వాస్పత్రిలో కూర్చున్నవాణ్ణి. ఇంట్లో డబ్బుకు కటకట వచ్చినప్పుడు ఏ ఖర్చు ముందు తెగుతుందో రోజూ చూస్తున్నాను. షావుకారు గుమ్మంలోకి వచ్చి అడుగుతాడు. స్కూలు వాళ్ళు ఫీజు కోసం కబురు పంపుతారు. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకుతారు. రక్తపోటు ఎవరినీ ఏమీ అడగదు. అందుకే మొదటి కోత మందుల మీద పడుతుంది, రెండో కోత ఇంటి ఇల్లాలి కంచం మీద.

బి.పి. మాత్ర మానేసిన మర్నాడు ఏమీ జరగదు. నెలకూ జరగకపోవచ్చు. చిక్కంతా అక్కడే వుంది. లోపల రక్తనాళాలు, మూత్రపిండాలు, గుండె దెబ్బ తింటూనే వుంటాయి. ఒకరోజు హఠాత్తుగా పక్షవాతం వస్తే 170 రూపాయల ఆదా ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. కొన్ని రకాల బి.పి. మాత్రలు ఒక్కసారిగా మానేస్తే రక్తపోటు మునుపటికంటె పైకి ఎగబాకుతుంది కూడా. ఇన్సులిన్, మూర్ఛ మందులు, గుండె మందులు అసలే మానరాదు. పొదుపు చేయాలనుకుంటే డాక్టరుతో మొహమాటం లేకుండా చెప్పండి. "ఇంత ఖరీదు పెట్టలేనండీ, ఇదే పనిచేసే చవక మందు రాయండి" అనడంలో నామోషీ ఏమీ లేదు. చెప్పకుండా సగం మింగడం ప్రమాదం. మందు పనిచేయడం లేదనుకుని మేము మోతాదు పెంచుతాం!

ఆవిడ కొంటున్న మాత్రలే మా ఆస్పత్రిలో ఉచితంగా ఇస్తాం. ఆ సంగతి ఆవిడకు తెలియదు. మామూలుగా వాడే బి.పి., షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కూడా ఇస్తారు. ఒక్కోసారి నిండుకుంటాయి, నేను కాదనను. అప్పుడు కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన జనౌషధి దుకాణాలున్నాయి. అక్కడ మందు కంపెనీ పెట్టిన పేరుతో కాకుండా దాని అసలు పేరుతో, చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. తలనొప్పి వచ్చినప్పుడల్లా షాపులో నొప్పి మాత్ర అడిగి మింగేవారు ఆ పని మానుకోవాలి. ఆ మాత్రలలో చాలావాటికి బి.పి.ని పెంచే గుణం వుంది.

ఇక తిండి. కూరలు కొనలేనప్పుడు మన ఇళ్ళలో ఆవకాయ జాడీ కిందికి దిగుతుంది. ఉదయం పచ్చడి, మధ్యాహ్నం పచ్చడి, రాత్రి పచ్చడీ మజ్జిగా. చవకే, కాదనను. కాని రోజుకు ఒక చెంచాకు మించి, అంటే 5 గ్రాములు దాటి, ఉప్పు తినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండుపూటలా ఊరగాయతో అన్నం కలిపితే ఆ లెక్క ఏనాడో దాటిపోతుంది. బి.పి. మాత్ర సగం, ఉప్పు రెట్టింపు! మా పేషెంటు విషయంలో జరిగింది ఇదే. డబ్బు తక్కువైనప్పుడు పప్పులో తోటకూరో మునగాకో వేసి వండుకోండి. గుప్పెడు వేరుశనగ గుళ్ళు, వీలైతే ఒక గుడ్డు. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే అలవాటున్న ఇల్లాళ్ళు ఈ ఒక్క విషయంలో నా మాట వినాలి. మీకు ఆయాసం, నీరసం వుంటే రక్తం పరీక్ష చేయించుకోండి.

నిద్ర సంగతి. అప్పు లెక్కలు పడుకోబోయే ముందు వేసేవారు చాలామంది. భార్యాభర్తలు దీపం ఆర్పి, చీకట్లో లెక్కలు మొదలుపెడతారు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర వుండదు. నెలకొక ఆదివారం ఉదయం కాగితం, పెన్ను పెట్టుకుని ఇద్దరూ కలిసి కూర్చోండి. ఆయన ఒక అప్పు దాచి, ఆవిడ ఒక చీటీ దాచి కూర్చుంటే లాభం లేదు. నిద్ర కోసం షాపులో ఆల్ప్రజోలం అడిగి వేసుకోవడం చిన్న ఊళ్ళలో కూడా చూస్తున్నాను. అది అలవాటు చేసుకుంటే మానడం కష్టం. ఇప్పటికే రోజూ వేసుకుంటున్నవారు మాత్రం ఒక్కసారిగా ఆపకండి. డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించుకోండి.

అప్పు మాట కొద్దిగా చెబుతాను. వడ్డీ మట్టుకే కడుతున్నంత కాలం ఆ జబ్బు నయం కాదు, నొప్పి తెలియకుండా వుంటుందంతే. అదే 3 లక్షలు ఏ బ్యాంకులోనో, మీ సహకార సంఘంలోనో ఏడాదికి 12 శాతం వడ్డీకి దొరికాయనుకోండి. ఇప్పుడు కడుతున్న 6,000 రూపాయలే నెలనెలా కడితే 70 నెలల్లో అసలుతో సహా తీరిపోతుంది. అలా మార్చుకోలేకపోతే, పాత షావుకారునే అసలులో కొంత కొంత పట్టుకొమ్మని అడగండి. కట్టిన ప్రతిసారీ పత్రం మీద చెల్లు రాయించుకోండి. బీరువాలో నగ దాచుకుని, ఇంటి మీద 24 శాతం వడ్డీ కట్టడం నాకు తెలివైన పనిగా తోచదు.

పట్నాలలో ఫ్లాటు కొని, అది పూర్తయ్యేదాకా బ్యాంకుకు వడ్డీ మాత్రమే కడుతూ, మరోపక్క అద్దె కూడా కట్టుకునేవారిదీ ఇదే అవస్థ. ఆ వడ్డీతో అసలు రూపాయి తగ్గదు. చేతికి కాస్త డబ్బు వస్తే అసలులో కట్టండి. మారే వడ్డీరేటు మీద మనుషులు తీసుకున్న ఇంటి అప్పు ముందుగా తీర్చినందుకు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది.

ఒక్క విషయం తేలికగా తీసుకోకండి. అప్పుల్లో వున్న మనిషి "నేను పోతే మీకు బాధ తప్పుతుంది" అంటే ఊరికే అన్నాడనుకోవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుల మందు వుంటే తీసేయండి. 14416 నంబరుకు ఫోను చేయండి. 2022లో మొదలైన ఈ టెలి మానస్ సేవ ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఆవిడను నెల తరువాత భర్తతో కలిసి రమ్మన్నాను. వచ్చారు. గాజుల జత అమ్మి లక్ష రూపాయలు అసలులో కట్టారట. వడ్డీ 6,000 నుంచి 4,000కు దిగింది. పత్రం మీద రాయించుకున్న చెల్లు తాలూకు నకలు ఆయన జేబులోంచి తీసి చూపించాడు. ఆవిడ బి.పి. 146/92. ఇంకా తగ్గాలి. "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగితే ఆయనే ముందుగా తల వూపాడు. పనిలో పనిగా ఆయన చేతికీ పట్టీ కట్టి చూశాను. 160/100 వుంది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా బి.పి. చూపించుకోలేదట.