నేల మోయగలిగినంత

నేలను కొలవడం వేరు, నేలను ఎరుగడం వేరు. కొలత ఎకరాలలో, గుంటలలో తేలిపోతుంది. ఆ నేల ఎంత భారం మోయగలదు, ఎక్కడ కదిపితే తట్టుకోలేదు అన్నది మాత్రం పరిశీలించి తెలుసుకోవలసినదే. ఎక్కడ ఇల్లు కట్టాలి, ఎక్కడ రాయి తవ్వరాదు అన్న నిర్ణయం దాని తరువాత రావాలి.

పశ్చిమ కనుమల విషయంలో ఈ పరిశీలన జరిగింది. 2010లో కేంద్ర ప్రభుత్వం నియమించిన మాధవ్ గాడ్గిల్ సంఘం కనుమల పటాన్ని సుమారు తొమ్మిది కిలోమీటర్ల పొడవు, వెడల్పు గల గళ్ళుగా విభజించింది. ప్రతి గడిలోనూ ఎత్తు, వాలు, అడవి విస్తీర్ణం, నదీతీర వనాలు, అక్కడ మాత్రమే పెరిగే మొక్కలు మొదలైనవి లెక్కించి, సున్నితత్వాన్ని బట్టి మూడు మండలాలను ప్రతిపాదించింది. 2011లో నివేదిక సమర్పించింది. కేరళలోని వాయనాడ్ జిల్లా వైత్తిరి తాలూకా అత్యంత సున్నితమైన మొదటి మండలంలో చేరింది.

అయితే ఆ నివేదికను రైతులే ఎందుకు వ్యతిరేకించారు? తమను భూముల నుండి వెళ్ళగొడతారన్న భయం వారిని ఆవరించింది. నిజానికి మండలాల హద్దులను గ్రామసభలతో చర్చించిన పిమ్మటే ఖరారు చేయాలని ఆ సంఘమే సూచించింది. ఆ చర్చ జరగనందున హెచ్చరిక కాస్తా బెదిరింపుగా వినిపించింది. 2013లో కస్తూరిరంగన్ సంఘం రక్షిత ప్రాంతాన్ని సుమారు 37 శాతానికి కుదించింది. అదీ ముసాయిదాల దశ దాటలేదు.

2019 ఆగస్టులో అదే తాలూకాలోని పుత్తుమల వద్ద కొండచరియ విరిగిపడింది. 2024 జూలై 30 తెల్లవారుజామున సమీపంలోని ముండక్కై, చూరల్‌మల గ్రామాలు బురదలో కూరుకుపోయాయి. రెండు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. ఎన్నో మృతదేహాలు చాలియార్ నదిలో నీలంబూరు దాకా కొట్టుకుపోయాయి. ఆ మరునాటి తేదీతో కేంద్రం మరొక ముసాయిదా వెలువరించింది!

చట్టం ఉండి ఉంటే కొండ జారేదే కాదని చెప్పలేము. అంతటి కుండపోత వానకు రాతిపై నిలిచిన మట్టి పొర నీరు తాగి బరువెక్కుతుంది, పట్టు సడలుతుంది, జారుతుంది. జారినప్పుడు దాని దారిలో ఎన్ని ఇళ్ళు ఉంటాయన్నది మాత్రం మనిషి నిర్ణయమే. భూవినియోగ ప్రణాళిక పని చేయవలసినది అక్కడే.

హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం 2023లో కొండచరియల పటాల సంపుటిని వెలువరించి, ముప్పును బట్టి 147 జిల్లాలకు వరుస సంఖ్యలు ఇచ్చింది. అందులో వాయనాడ్‌ది 13వ స్థానం. అంటే సమాచారానికి కొరత లేదు. అది ఆ వాలు కింద నిద్రించే కుటుంబానికి దాని భాషలో, దాని గుమ్మం వరకు చేరలేదు.

సోదర సోదరీమణులారా! స్థలం కొనేటప్పుడు దస్తావేజులు ఒకటికి రెండుసార్లు చదివిస్తాము. అమ్మేవాడి హక్కును గురించి అవి చెబుతాయి, నేల స్వభావాన్ని గురించి చెప్పవు. వాన నీరు ఏ దారిన వస్తుంది, ఇది పూర్వం చెరువు శిఖమా, వాగు పోరంబోకా అని ఆ ఊరి పెద్దలను అడగండి, రెవెన్యూ పటంలో సరిచూడండి. బయానా ఇవ్వకముందే అడగండి.