పాత సైకిలు తూకానికేనా?

సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం 2020 జూన్ 3న పని ఆపింది. అది ప్రపంచ సైకిల్ దినోత్సవం కావడం విచిత్రం. ఆ కాలపు ఉక్కు సైకిళ్లు పల్లెల్లో కొన్ని ఇంకా పాల క్యాన్లు, గడ్డిమోపులు మోస్తున్నాయి. చూరు కింద మూలపడ్డవి మాత్రం పాత ఇనుము వాడికి తూకానికి పోతున్నాయి.

ఇది తొందరపాటు. ఉక్కు ఫ్రేము గొట్టాలను లోపల తుప్పు తినేయకుంటే దానికింకా ఆయుష్షున్నట్టే. అతుకు విడితే ఊళ్లోని వెల్డింగ్ షాపులోనే వేయించుకోవచ్చు. అల్యూమినియం ఫ్రేముకు అక్కడ ఆ వైద్యం కుదరదు.

అసలు చిక్కు బ్రేకుతోనే. పాత రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్మును లోపలి వైపు నుంచి పట్టుకుంటాయి. ఇనుప రిమ్ము తడిస్తే జారతాయి. వానలో బరువుతో చెరువుకట్ట దిగేవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అలాగని వైరు బ్రేకు ఒక్కటే కొని బిగిస్తే డబ్బు దండగ. అది రిమ్ము పక్కలను నొక్కుతుంది. పాత రిమ్ముకు చదునైన పక్కలే ఉండవు. బ్రేకుతోపాటు అల్యూమినియం రిమ్ములూ వేయించాల్సిందే. 28 అంగుళాల పాత రిమ్ముకూ ఇప్పటి 700సి రిమ్ముకూ వ్యాసంలో 13 మిల్లీమీటర్లు తేడా. అంటే బ్రేకు రబ్బరు ఆరున్నర మిల్లీమీటర్లు కిందికి అందాలి. పొట్టి చేతుల బ్రేకు అందదు.

గేర్లంటారా, అవి ముచ్చటకే. ముందు సైకిలు ఆగాలి.

పట్నం దుకాణదారులు కొలత అడగకుండా బ్రేకు చేతిలో పెట్టడం మానాలి. పొడుగు చేతుల బ్రేకులు తెప్పించి ఉంచాలి. మెకానిక్కులు కూడా బ్రేకు బిగించాక చక్రం తడిపి, బరువు వేసి చూపించిన తర్వాతే కూలి తీసుకోవాలి.