బంధాలున్నాయి, పట్టిక లేదు: పదో తరగతి రసాయన శాస్త్రంలో లోటు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో పదో తరగతి విద్యార్థి చదివే రసాయన శాస్త్రం, అతడు ఏ బోర్డు పాఠశాలలో చేరాడన్న దానిపై ఆధారపడి ఉంది. రాష్ట్ర బోర్డు మాధ్యమిక్ పాఠ్యాంశాల్లో మూలకాల ఆవర్తన పట్టిక ఉంది. సీబీఎస్‌ఈ పరిధిలోని కేంద్రీయ విద్యాలయాల్లో అదే తరగతికి ఆ అధ్యాయం లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇదే పరిస్థితి.

కోవిడ్ అనంతరం విద్యార్థులపై భారం తగ్గించేందుకు 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలను హేతుబద్ధీకరించింది. 'మూలకాల ఆవర్తన వర్గీకరణ' అధ్యాయాన్ని అప్పుడే తొలగించింది. 2023లో కొత్త పుస్తకాలు వెలువడ్డాక ఈ నిర్ణయం దేశవిదేశాల్లో చర్చకు దారితీసింది. ఈ అంశాన్ని 11వ తరగతిలో వివరంగా బోధిస్తున్నామని ఎన్‌సీఈఆర్‌టీ వివరణ ఇచ్చింది.

ఆ వివరణ వాస్తవమే. అయితే 11వ తరగతిలో రసాయన శాస్త్రం ఎంచుకున్నవారికే ఆ పాఠం అందుతుంది. పదో తరగతి తర్వాత ఐటీఐలో చేరేవారికి, వాణిజ్య, మానవీయ శాస్త్రాల వైపు వెళ్లేవారికి అందదు. పెద్ద రైల్వే వర్క్‌షాపు ఉన్న ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో ఈ తేడాకు ప్రాధాన్యం ఎక్కువ. లోహాలను కోసి, కరిగించి, అతికించే పనులకు వెళ్లే యువకులు ఆ లోహాల స్వభావాన్ని వివరించే పట్టికను బడిలో చూడకుండానే బయటకు వస్తారు.

విచిత్రమేమంటే, బంధాల పాఠం మాత్రం పుస్తకంలో మిగిలింది. అయానిక బంధం 'లోహాలు, అలోహాలు' అధ్యాయంలో, సమయోజనీయ బంధం 'కార్బన్' అధ్యాయంలో ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపి చూపే పటమే లేదు. 118 మూలకాలను 18 గ్రూపులు, 7 పీరియడ్లుగా అమర్చిన ఈ పట్టికలో, మూలకం స్థానాన్ని బట్టి దాని నడవడిని చాలావరకు ఊహించవచ్చు. మొదటి గ్రూపులోని సోడియం బాహ్య కర్పరంలో ఒకే ఎలక్ట్రాన్ ఉంది. దాన్ని తేలికగా వదులుకుంటుంది. 17వ గ్రూపులోని క్లోరిన్‌కు ఒక ఎలక్ట్రాన్ తక్కువ, దాన్ని తీసుకుంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడంతో ఉప్పు ఏర్పడుతుంది. 14వ గ్రూపులోని కార్బన్‌కు బాహ్య కర్పరంలో నాలుగు ఎలక్ట్రాన్లున్నాయి. నాలుగింటిని వదులుకోవడమూ, మరో నాలుగింటిని తీసుకోవడమూ కష్టమే కనుక పంచుకుంటుంది.

రైలు పట్టాలను అతికించే థర్మిట్ చర్య కూడా ఇదే పుస్తకంలో ఉంది. అల్యూమినియం పొడి ఐరన్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. ఆ వేడికి కరిగిన ఇనుము పట్టాల మధ్య ఖాళీని నింపుతుంది. ఇనుము కంటే అల్యూమినియం చురుకైనదని క్రియాశీలత శ్రేణి చెబుతుంది. 13వ గ్రూపులోని అల్యూమినియం మూడు ఎలక్ట్రాన్లను ఇచ్చి ఆక్సిజన్‌తో గట్టి బంధం ఏర్పరచుకుంటుందన్న కారణం దగ్గరకు విద్యార్థిని నడిపించేది పట్టిక. శ్రేణిని కంఠస్థం చేయవచ్చు. కారణాన్ని అర్థం చేసుకోవలసిందే.

మెండలీవ్ 1869లో పట్టికను ప్రకటించినప్పుడు అందులో కొన్ని ఖాళీలు ఉంచారు. అల్యూమినియం కింద ఉండవలసిన మూలకానికి సంస్కృత పదంతో 'ఏక-అల్యూమినియం' అని పేరు పెట్టి, దాని గుణాలను ముందే అంచనా వేశారు. 1875లో గాలియం రూపంలో అది లభించింది. తెలియని దాన్ని ఊహించగలగడమే పట్టిక అసలు ప్రయోజనం.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. తెలంగాణ రూపొందించుకున్న పదో తరగతి పుస్తకంలో మూలకాల వర్గీకరణ, రసాయన బంధం వేర్వేరు అధ్యాయాలుగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2024-25 నుంచి పదో తరగతిలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను అనుసరించడంతో వర్గీకరణ అధ్యాయం అక్కడా తప్పుకుంది.

పాఠ్యభారం తగ్గాలన్న వాదనలో న్యాయముంది. 118 పేర్లు వల్లె వేయించడం ఎవరికీ మేలు చేయదు. కాని మొదటి 20 మూలకాలతో పట్టికను చదవడం నేర్పితే, బంధాల పాఠంలో కంఠస్థం చేయవలసినది తగ్గుతుందే తప్ప పెరగదు. 2023 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం ప్రకారం కొత్త పుస్తకాలు దశలవారీగా సిద్ధమవుతున్న వేళ ఈ మార్పుకు అవకాశముంది. పదో తరగతితో విజ్ఞాన శాస్త్రాన్ని వదిలేవారికి అది చివరి అవకాశం కూడా.