పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, ఫోటో ఇంకో రంగు

ధర్మవరం పట్టుచీరలో డబుల్ షేడ్‌కు ఉన్న పేరు వేరు. పడుగుకు ఒక రంగు దారం, పేకకు మరో రంగు దారం వేసి నేస్తారు. కట్టుకున్నావిడ కదిలినప్పుడల్లా మడత దగ్గర ఒక రంగు, పరుచుకున్న చోట ఇంకో రంగు తొంగిచూస్తాయి. అలాంటి చీరను ఇప్పుడు ఫోన్‌లో ఫోటో తీసి, వెలుతురు కాస్త పెంచి, వాట్సాప్‌లో పంపి బేరం కుదురుస్తున్నారు. పార్సిల్ విప్పాక గొడవ మొదలవుతుంది.

తప్పు ఎక్కడుందో అంకెలే చెబుతాయి. తెరమీది ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ 0 నుంచి 255 దాకా ఉంటాయి. ముదురు మెరూన్‌ను 128, 0, 0 అనుకుందాం. సగానికి సగం తెలుపు కలిపితే అది సుమారు 192, 128, 128 అవుతుంది. అంటే వెలిసిన గులాబీ. సగం నలుపు కలిపితే 64, 0, 0, దాదాపు నల్లచీరే. మొదటిది టింట్, రెండోది షేడ్. చిత్రకారుడు కూడా ఈ పనే చేస్తాడు కానీ, కావలసిన చోటే కలుపుతాడు. ఫిల్టర్ మాత్రం చీరనంతా ఒకే తొట్టిలో ముంచి తీస్తుంది.

డబుల్ షేడ్‌కు అసలు దెబ్బ ఇక్కడే. సగం తెలుపు కలిపితే పడుగు రంగుకూ పేక రంగుకూ మధ్య ఉన్న తేడా కూడా సగమైపోతుంది. నేతగాడు ఏరికోరి పెట్టిన ఎడం అది! జరీ సంగతి ఇంకా అన్యాయం. మెరుపు అప్పటికే 255ను తాకి ఉంటే, ఆపైన పెంచిన వెలుతురుకు బుటా గీతలు చెరిగి తెల్లమచ్చ మిగులుతుంది.

ధర్మవరం పక్కనే ఉన్న నిమ్మలకుంట తోలుబొమ్మలకూ ఈ బాధ ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలును పలచగా గీకి రంగులు వేసేదే వెనక దీపం వెలగాలని. ముందు నుంచి ఫ్లాష్ కొట్టి తీసి, తర్వాత ఎంత రంగు పెంచినా ఆ కాంతి రాదు. హిందూపురం దగ్గర లేపాక్షిలో 16వ శతాబ్దపు పైకప్పు చిత్రాలదీ అదే గతి. మట్టిరంగుల ఎరుపును నారింజగా మార్చి పోస్టు చేసేవాళ్లు విజయనగర చిత్రకారుల మీద లేని అభిరుచి రుద్దుతున్నారు.

అలాగని దిద్దుబాటే వద్దనడం అమాయకత్వం. బల్బు వెలుగులో కెమెరా తెలుపును పసుపుగా చూపిస్తుంది, దాన్ని సరిచేయాల్సిందే. చీర అంచున ఒక తెల్లకాగితం పెట్టి, ఫోటోలో ఆ కాగితం తెల్లగా కనిపించేదాకా రంగు సర్దితే చాలు. ఖర్చు లేదు, యాప్ కొననక్కర్లేదు.

2020 నాటి ఇ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు కూడా ఫోటో వస్తువుకు సరిపోలాలనే అంటున్నాయి. కాబట్టి కొనేవాళ్లు మొహమాటపడకుండా అడగాలి: పరిచిన ఫోటో ఒకటి, మడత పెట్టింది ఒకటి, పగటి వెలుగులో కొంగు ఊపుతూ తీసిన చిన్న వీడియో ఒకటి. డబుల్ షేడ్ అని ధర చెప్పే వ్యాపారి ఆ రెండు రంగులూ చూపించాకే డబ్బు అడగాలి.