ఫైకస్‌ని చంపేది చలి కాదు, మనం పోసే గ్లాసు

ఈ వారం వీడియో పొలం గట్టు మీద తీసింది కాదు, మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో తీసింది. "హాల్లో పెట్టుకునే మొక్కల గోల మనకెందుకన్నా" అని కొందరు రైతు తమ్ముళ్ళు అడుగుతారని తెలుసు. కానీ ఇందులో తప్పు నాది. కెమెరా ముందు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

మాకు షాద్‌నగర్ దగ్గర నాలుగెకరాలు. కూరగాయలతో పాటు చిన్న నర్సరీ కూడా ఉంది. కడియం నుంచి ఫైకస్ మొక్కలు తెప్పించి సిటీలో ఇళ్ళకి ఇస్తాం. సన్నాకుల బెంజమినా, వెడల్పాకుల రబ్బరు మొక్క, ఈ రెండే ఎక్కువ పోతాయి. మొక్కతో పాటు లీటరు జీవామృతం బాటిల్ కూడా అమ్మేవాడిని. లేబుల్ మీద "ఒకటికి పది నీళ్ళు కలిపి వారానికో గ్లాసు పోయండి" అని రాసింది నేనే. (జీవామృతం తాజాగా వాడుకోవాలి గానీ బాటిల్లో పెట్టి అమ్మడమేంటని మా ఊరి పెద్దాయన ఒకాయన తిడుతూనే ఉండేవాడు. ఆయన మాటా నిజమే.)

పోయిన డిసెంబర్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫోన్ చేశారు. "బాబూ, ఆకులన్నీ రాలిపోతున్నాయి. చలికి తట్టుకోలేకపోతోంది పాపం. ఇంకో బాటిల్ పంపిస్తావా?" అన్నారు. నేను ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా పంపించేశాను. అగ్రికల్చర్ డిప్లొమాలో వేర్లు ఊపిరి ఎలా తీసుకుంటాయో పరీక్ష రాసి పాసైనవాడిని! పది రోజుల తర్వాత అటు పనుండి వెళ్ళి కుండీ వంచి చూస్తే మురుగు కాలువ వాసన. వేర్లు నల్లగా, పట్టుకుంటే పైతొక్క ఊడి చేతికొస్తోంది. కింద అందమైన పింగాణీ తొట్టి, దానికి చిల్లు లేదు, అడుగున రెండంగుళాల నీళ్ళు.

చలి ఏం చేసింది ఇందులో? ఏమీ చెయ్యలేదు. హైదరాబాద్‌లో రాత్రి బయట 12, 13 డిగ్రీలకి దిగినా తలుపులేసిన హాల్లో 20కి అటూఇటూగా ఉంటుంది. 15 డిగ్రీల పైన ఉన్నంతసేపు ఫైకస్‌కి ప్రాణభయం లేదు. చలికాలంలో ఇంట్లో మొక్కకి తగ్గేది వెలుతురు. పొద్దు చిన్నది, సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, ఉత్తరం బాల్కనీకి ఎండ ముక్క కూడా పడదు. వెలుతురు తగ్గితే ఆకు పని తగ్గుతుంది, నీళ్ళు తాగడం తగ్గుతుంది. మనం మాత్రం మే నెలలో పోసినట్టే పోస్తాం. మట్టిలో గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్ళు నిలబడిపోతాయి. వేరుకి ఊపిరాడక కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు కాబట్టి పైన ఆకు వాడుతుంది. ఆకు వాడింది కదా, దాహమేస్తోందేమో అని మనం ఇంకో గ్లాసు పోస్తాం. టీచరమ్మ చేసింది అదే. చేయించింది నేను.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం పారిస్తాం. ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 50 మిల్లీలీటర్లు పడుతుంది. పదంగుళాల కుండీ పైభాగం చదరపు మీటరులో ఇరవయ్యో వంతు. అంటే దాని వాటా రెండున్నర మిల్లీలీటర్లు, అర టీస్పూను. నా లేబుల్ ప్రకారం కలిపిన గ్లాసులో దగ్గర దగ్గర 18 మిల్లీలీటర్ల జీవామృతం ఉంటుంది. అంటే ఏడు రెట్లు. పొలానికి పదిహేను రోజులకోసారి ఇస్తే కుండీకి వారం వారం పోయమన్నాను, అంటే పద్నాలుగు రెట్లు. అసలే ఊపిరాడని మట్టిలో బెల్లం, పప్పు పిండి ఉన్న ద్రావణం పోస్తే సూక్ష్మజీవులు ఉన్న కాస్త గాలినీ తినేస్తాయి. కంపు రాక ఏమవుతుంది?

"ప్రకృతి వ్యవసాయం చేసేవాడివి, జీవామృతం వద్దంటావా" అని నా మీదకి రాకండి. పాలేకర్ గారు చెప్పిన నాలుగు చక్రాలు మనందరికీ కంఠతా వచ్చు: బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాఫస. ఆ నాలుగోదాని అర్థమే మట్టిలో గాలి, తేమ సమంగా ఉండటం. దాన్ని వదిలేసి బాటిల్లో పట్టే చక్రాన్ని మాత్రం ఊరూరా అమ్ముకుంటున్నాం. మనలో చాలామంది మీద నాకున్న కోపం అదే, నన్ను కలుపుకునే అంటున్నా.

చలికాలం మూణ్ణెల్లూ ఫైకస్‌కి ఎరువు ఏదీ వద్దు. కొబ్బరి చీపురు పుల్ల ఒకటి కుండీ అంచున అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తియ్యండి. మట్టి అంటుకుని తడిగా వస్తే నీళ్ళు పోయొద్దు. పైన రెండంగుళాలు ఎండి, పుల్ల కూడా దాదాపు పొడిగా వచ్చినప్పుడు చిల్లులోంచి కారేదాకా పోసి, కింద పళ్ళెంలో నీళ్ళు పారబోయండి. కోకోపీట్‌లో వచ్చిన మొక్కకైతే ఇది మరీ ముఖ్యం, పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల స్పాంజిలా తడి ఉంటుంది. దక్షిణం కిటికీ ఉంటే అక్కడ పెట్టండి, పెట్టాక మళ్ళీ కదపొద్దు. చోటు మారినా బెంజమినా అలిగి ఆకులు రాలుస్తుంది. రాలగానే ఇంకో చోటికి మారిస్తే ఇంకొన్ని రాలుస్తుంది. దాని చుట్టం రావి చెట్టు ఏటా ఆకు రాల్చి మళ్ళీ చిగురించడం చూస్తూనే ఉన్నాం కదా, భయపడకండి. కొమ్మ మీద గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. కారే పాలు చర్మానికి దురద పెడతాయి, పిల్లల్ని, పిల్లుల్ని దూరంగా ఉంచండి.

టీచరమ్మ వాళ్ళమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది, ఆమె దగ్గరా రబ్బరు మొక్క ఉందట. వీడియో కాల్లో చూపించింది. అక్కడి కథ వేరే. డిసెంబర్‌లో పగలు తొమ్మిదింపావు గంటలే, ఇంట్లో హీటరు గాలి పొడిగా కొడుతూ ఉంటుంది. మొక్కని ఆ గాలి తగలని చోటికి మార్చమన్నాను, చల్లటి అద్దానికి ఆకు ఆననివ్వొద్దన్నాను. ఆకుల మీద నీళ్ళు స్ప్రే చేస్తే పది నిమిషాల్లో ఆరిపోతుంది, దాని బదులు తడిబట్టతో రెండు వైపులా తుడవడం మేలు. పొడి గాలికి ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది, తుడిచేటప్పుడు అదీ పోతుంది.

కుళ్ళు పట్టకపోతే కుండీ మార్చడం, కత్తిరించడం ఉగాది దగ్గర చూసుకోండి. టీచరమ్మ మొక్కకి ఆగే టైం లేదు. నల్ల వేర్లు కోసేసి, ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా చివికిన ఎరువు కలిపి చిన్న మట్టి కుండీలోకి మార్చాను. ఒక పక్క కొమ్మలు పోయాయి. రెండో పక్క శివరాత్రి దాటాక చిగురు పెట్టింది, వీడియోలో మీరు చూసింది ఆ పక్కే. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, టీ ఇచ్చి పంపారు.

నవంబర్ నుంచి జనవరి దాకా ఇంట్లో మొక్కలకి బాటిల్ అమ్మడం ఆపేశాను. ఆ లేబుల్ ఉన్న బాటిల్ మీ దగ్గర ఉంటే ఫైకస్‌కి పోయకండి. తాజాదైతే డాబా మీద టమాటాకో వంగకో బాగా నీళ్ళు కలిపి పోసుకోండి. పాతదైతే కంపోస్టులో పారబోసి ఖాళీ బాటిల్ పట్టుకురండి, డబ్బులు వెనక్కి ఇచ్చేస్తాను.