కాడి దించనిదే పుండు మానదు

ఎద్దు మెడమీది పుండుకు ఏ తైలం శ్రేష్ఠమని రైతు సోదరులు నన్ను అడుగుతుంటారు. కాడి దించారా అని నేను తిరిగి అడుగుతాను. పదునుండగా ఎలా దించగలమని వారి బాధ. అది నాకు తెలియనిది కాదు. కాని ఒరిపిడి ఆగనిదే ఏ మందూ పనిచేయదు.

సుశ్రుతుడు వ్రణానికి అరువది ఉపక్రమాలు చెప్పియున్నాడు; తైలం వాటిలో ఒకటి మాత్రమే. శోధనం ముందు, రోపణం తరువాత. చీము, దుర్గంధం గల దుష్టవ్రణంపై పసుపు మెత్తి కట్టు కడితే దోషం లోపలే నిలిచిపోతుంది. వేపాకు కషాయంతో కడిగి, వ్రణం శుద్ధమైన పిదపనే వేపనూనె రాయాలి.

పురుగులు పడితే సీతాఫలపు ఆకు పసరు పోయడం మన పల్లెల వాడుకే. చచ్చిన పురుగులను ఏరివేయక వదలరాదు. ఇప్పుడు కొందరు పైరుకు కొట్టే పురుగుమందునే పుండులో పోస్తున్నారు! అది ఒంటికెక్కి పశువు ప్రాణమే తీయగలదు. ఇదేమి వైద్యం?

పుండు లోతుగా ఉన్నా, పశువు మేత మానినా పశువైద్యుని పిలవండి. కుక్క కరచిన పశువును మాత్రం నా వద్దకు తేవద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక పశువైద్యశాలకు తోలుకుపొండి. దానికి టీకా కావాలి, నా తైలం కాదు.