మన ఇల్లు: పడమటి గోడ



ఎండాకాలములో గోదావరిఖని, రామగుండం, పెద్దపల్లి ప్రాంతపు ఇళ్లలో పడమటి గది సంగతి చెప్పనక్కరలేదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నమంతా ఎండను మింగి, రాత్రివేళ ఆ వేడిని లోపలికి వదులుతుంది. సెకండు షిఫ్టు ముగించుకొని అర్ధరాత్రి ఇల్లు చేరిన గని కార్మికుడు ఆ గదిలోనే పడుకోవాలి. తెల్లవారుజామున లేచి మొదటి షిఫ్టుకు పోవలసినవాడూ అక్కడే పడుకోవాలి. నిద్రలేని కన్నుతో గనిలోకి దిగడం ఎంత ప్రమాదమో ఆ ఇంటి ఇల్లాలికి తెలుసు. పసిపిల్లలకు, వృద్ధులకు ఇంటిలోపల కూడా వడదెబ్బ తగులుతుంది. కాబట్టి దీనిని సౌఖ్యము కోసం చేసే ఖర్చు అనుకోవద్దు.

పాత గోడకు లోపలి వైపు ఇనుప ఛానళ్లతో చట్రము కట్టి, అందులో రాతి ఉన్ని పెట్టి, పైన జిప్సమ్ బోర్డు బిగించే పద్ధతి ఒకటి ఉన్నది. చలి దేశాలవారు ఇంటి వెచ్చదనము బయటకు పోకుండా దీనిని చేసుకుంటారు. మనకు బయటి వేడి లోపలికి రాకుండా ఉపయోగపడుతుంది. గోడ వంకర కూడా కనబడదు. అయితే గోడను కప్పడానికి ముందు దానిని పరీక్షించాలి.

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు పొడ పుట్టినప్పుడు యాజకుడు ఏమి చేయాలో వ్రాయబడి ఉన్నది. ముందు ఇల్లు ఖాళీ చేయించి చూస్తాడు, ఏడు దినములు మూసి ఉంచి మరల చూస్తాడు. చెడిన రాళ్లు తీయించి, గోడ గీకించిన తరువాతనే క్రొత్త పూత. మనమూ అదే వరుసలో నడవాలి.

మొదటిది చెమ్మ. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు ప్రక్కలా టేపుతో గోడకు అంటించి, రెండు మూడు రోజులు ఆగండి. గోడ వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోనే ఉన్నది. చౌడు పట్టిన గిలాబు రాలగొట్టి, నీరు ఎక్కడ నుండి వస్తున్నదో కనిపెట్టి ఆపాలి. జిప్సమ్ బోర్డు నీటికి నిలువదు.

రెండవది పగుళ్లు. పగులు మీద అడ్డముగా సన్నని సిమెంటు పట్టీ వేసి తేదీ వ్రాయండి. కొన్ని నెలలలో అది చీలితే గోడ ఇంకా కదులుతున్నదని అర్థం. ఓపెన్‌కాస్టు గనుల పేలుళ్లకు గోడలు అదిరే ఊళ్లలో ఇది తప్పక చేయాలి. కదిలే గోడను బోర్డుతో దాచితే అపాయము కంటికి కనబడకుండా పెరుగుతుంది.

ఇక పని. పైనుండి గుండు వదిలి, అడ్డముగా దారము లాగి, గోడ ఎక్కడ ఎక్కువగా ఉబ్బిందో చూడాలి. ఆ ఉబ్బుకు తగలకుండా చట్రము నిలబెట్టాలి. పల్లముగా ఉన్న చోట్లను సిమెంటుతో నింపనక్కరలేదు. ఛానళ్లు రెండడుగులకొకటి చాలు. చెక్క రీపర్లు వాడితే చెదలు పడతాయి. నేల కడిగే నీరు తగలకుండా బోర్డును అర అంగుళము పైకి ఉంచాలి. అలమరా, టీవీ తగిలించే చోట వెనుక ముందుగానే ప్లైవుడ్ పెట్టించాలి. స్విచ్చి డబ్బాలను ఎలక్ట్రీషియను చేత ముందుకు తెప్పించాలి. థర్మోకోల్ చవక అని వంటగదిలో వాడవద్దు, అది మండుతుంది.

ఇంత చెప్పిన తరువాత మరొక మాట. ఒంటి అంతస్తు ఇంటిలో ఎక్కువ వేడి స్లాబు నుండే దిగుతుంది. అందుచేత మొదటి రూపాయి కప్పుకు, రెండవది గోడ బయటి నీడకు, మూడవది మాత్రమే బోర్డుకు. స్లాబు మీద తెల్ల సున్నము, పడమటి గోడ ముందు పందిరికి బీరపాదు, సొరపాదు: వీటికి అప్పు చేయనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వము కూడా 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది.

క్రొత్తగా గోడ కట్టేవారు లారీ బేకర్ పేరు గుర్తుంచుకోవాలి. కుష్ఠురోగుల మధ్య పనిచేసే మిషను తరఫున 1945లో మన దేశానికి వచ్చిన ఇంగ్లీషు వాస్తుశిల్పి ఆయన. ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మధ్యలో గాలి ఖాళీ వదిలే 'ర్యాట్ ట్రాప్' కట్టడాన్ని కేరళలో వ్యాపింపజేశారు. దానిలో ఇటుకలు సుమారు నాలుగవ వంతు ఆదా అవుతాయి, వేడి కూడా తగ్గుతుంది.

బలహీనమైన గోడకు పైపూత పూసేవారిని గూర్చి యెహెజ్కేలు 13వ అధ్యాయములో దేవుడు హెచ్చరించాడు. వాన వచ్చినప్పుడు ఆ పూత నిలువదు. మన కుటుంబాలలో కూడా అప్పు, త్రాగుడు, మాటల పగ వంటివాటిని పైకి కనబడకుండా కప్పుకొని ఆదివారము ఆరాధనకు వస్తాము. గోడ విషయములోవలెనే వాటినీ ముందు గీకి చూడాలి.

మీ సంఘములో ఒంటరిగా ఉన్న వృద్ధురాలి ఇంటి కప్పు మీదికి ఈ వేసవికి ముందే యౌవనస్థులను పంపండి. ఒక బస్తా సున్నము, ఒక శనివారము చాలును.